చేపల కారుకు అలైన్‌మెంట్

ఉదయం పదకొండూ ఐదుకి మా షాపు ముందు ఒక చిన్న తెల్లకారు ఆగింది. టైము గుర్తుండటానికి పెద్ద కారణమేమీ లేదు. మా బావ పదకొండింటికి టీ తాగుతాడు. ఆ రోజు టీ కాస్త ఆలస్యంగా వచ్చింది. గ్లాసు నోటి దాకా తెచ్చుకునేసరికి చేపల వాసన కొట్టింది.

“టీలో సేప పడిపోనాదేటి?” అన్నాడు బావ. తలెత్తి చూస్తే కారు.

శ్రీకాకుళం ఊరి చివర నేను వీల్ అలైన్‌మెంట్ షాపు నడిపాను. నాతోపాటు మా అప్ప, అంటే అక్క, భర్త గౌరినాయుడు బావ. చక్రాల కొలతలు చూసి సరిచెయ్యడం నా పని. బండి కిందకి దూరి సస్పెన్షన్ పని చెయ్యడం ఆయన పని. ఇద్దరం చేసిన పని గురించి ఇప్పుడు నేనొక్కణ్ణే రాస్తున్నాను. బావ లేడు. ఉంటే ఇది చదివి, “ఇంత సోదెందుకురా” అని సగం కొట్టించేవాడు. ఆయన లేకపోయినా ఆ సగం నేనే కొట్టేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, ఏం తెలుసుకోవాలని. యంత్రం ఎలా వాడాలో యంత్రం అమ్మినవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి రెండు మూడు చెబుతాను.

పనేమిటంటే

కారు చక్రాలు తిన్నగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు, చాలా బండ్లలో ఉండకూడదు కూడా. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం కొద్దిగా లోపలికో బయటికో వాలి ఉంటుంది. దాన్ని క్యాంబర్ అంటాం. పై నుంచి చూస్తే రెండు ముందు చక్రాలూ కొద్దిగా ఒకదానివైపు ఒకటి చూస్తుంటాయి, లేదా ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. అది టో. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది చూడండి, అలాంటి వాలే కారులోనూ ఉంటుంది. అది క్యాస్టర్. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది మధ్యకి రావడం ఎక్కువగా ఆ వాలు వల్లనే. ఈ మూడే. మిగతాదంతా ఓపిక.

వెనకటి రోజుల్లో దారం, సుద్దముక్క, టేపు పెట్టి కొలిచేవాళ్ళం. తరవాత చక్రాలకు తగిలించే పలకలూ, ఎదురుగా కెమెరాలూ, కంప్యూటరూ వచ్చాయి. కొలత కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే తెర మీద పచ్చగా చూపిస్తుంది, దాటితే ఎర్రగా చూపిస్తుంది. కొలవడంలో దారానికీ దీనికీ పోలిక లేదు, కంప్యూటరే మేలు. దారమే గొప్పదని వాదించే ముసలివాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు దారంతో చేసిన బండ్లు కూడా నాకు తెలుసు.

బండికి ప్రాణం ఉంటుందనీ, అది మనతో మాట్లాడుతుందనీ కొందరు రాస్తారు. నాకు చదివే అలవాటు ఉంది, అలాంటి వాక్యాలు చాలా చూశాను. బండికి ప్రాణం లేదు. ఇనుము, రబ్బరు, గ్రీజు, అంతే. మాట్లాడేది బండిలో వచ్చిన మనిషి. ఆ మాట పూర్తిగా వింటే సగం పని అయినట్టే. ఇది నాకు నా మొదటి మేస్త్రి దగ్గర తెలిసింది. ఆయన వినేవాడు కాదు.

పాపారావు మేస్త్రి, డాక్టరుగారి గేటు

విజయనగరంలో పాపారావు మేస్త్రి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆయన చెయ్యి మంచిది. కారు వస్తే మాత్రం యజమాని నోరు తెరవక ముందే ఏం చెయ్యాలో తేల్చేసేవాడు.

ఒకసారి ఒక డాక్టరుగారు కారు తెచ్చారు. ఎక్కడో టై రాడ్ ఎండ్లు మార్పించుకున్నారు. అంటే స్టీరింగుకీ చక్రానికీ మధ్య కడ్డీల చివర ఉండే కీళ్ళు. అప్పటి నుంచి కారు తిన్నగా పోతున్నా స్టీరింగు చక్రం ఒక పక్కకు వంకరగా ఉంటోంది. “రెండు విషయాలయ్యా,” అని డాక్టరుగారు మొదలుపెట్టారు. మొదటిది వినగానే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టి, “అర్థమైపోనాది బాబూ, మీరు కూకోండి” అన్నాడు.

అలాంటప్పుడు చెయ్యాల్సింది రెండు పక్కల కడ్డీలూ సమంగా వచ్చేలా తిప్పడం. కిందకి దూరాలి, పట్టేసిన నట్లు విప్పాలి, మళ్ళీ కొలవాలి. మేస్త్రి అదేమీ చెయ్యలేదు. స్టీరింగు చక్రాన్నే ఊడబీకి, తిన్నగా పెట్టి, నట్టు బిగించి ఇచ్చేశాడు. చూడటానికి చక్కగా ఉంది.

కొన్నాళ్ళకి డాక్టరుగారు మళ్ళీ వచ్చారు. “ఆ రోజు మీరు చెప్పనివ్వని రెండో విషయం చెబుతాను. మా గేటు దగ్గర కారు ఇదివరకు ఒక్కసారికే తిరిగేది. ఇప్పుడు ఎడమకైతే గిర్రున తిరుగుతోంది, కుడికి తిరగడం లేదు.”

కడ్డీలు సమంగా లేవు కనక స్టీరింగు కింద అటూ ఇటూ జరిగే పళ్ళకడ్డీ ఒక పక్కకు ఎక్కువ, రెండో పక్కకు తక్కువ పోతోంది. స్టీరింగు ఊడబీకి పెడితే అది పోదు, కనపడకుండా ఉంటుంది. మేస్త్రికి ఇదంతా తెలుసు. అయినా తొణక్కుండా, “ఇల్లు రోడ్డుకి ఆ పక్కన కట్టుకుంటే సరిపోను కద బాబూ” అన్నాడు.

డాక్టరుగారు తిట్టి ఉంటే మేస్త్రి దగ్గర ఇంకో జవాబు ఉండేది. ఆయన పెద్దగా నవ్వి, తాళాలు బల్ల మీద పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం దాకా మేస్త్రి కారు కింద పడుకుని కడ్డీలు తిప్పాడు.

స్టీరింగు ఊడబీకి పెట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట పని దొరికితే నేర్చుకోగలిగింది నేర్చుకుని త్వరగా బయటపడండి.

తల్లీ కూతురూ

తెల్లకారు నడిపి వచ్చిన అమ్మాయి పేరు నూకరత్నం. ఒక స్కూల్లో ఆటల టీచరు. పక్క సీట్లో ఆమె తల్లి ఎర్రమ్మ. వాళ్ళది సముద్రం ఒడ్డున ఊరు. ఎర్రమ్మ తెల్లవారేసరికి పడవల దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, ఆమదాలవలస స్టేషన్‌కి తెచ్చి, అక్కడ బుట్టల్లోకి మార్చి రైలు మీద పంపుతుంది. కారు తల్లిది, నడిపేది కూతురు. స్కూలు టైముకి ముందే ఈ పని ముగించుకుంటారు. ఆ రోజు రెండో శనివారం, స్కూలుకి సెలవు. అందుకని స్టేషన్ నుంచి తిరిగి వెళుతూ మా దగ్గర ఆగారు.

మర్నాడు విశాఖపట్నం దగ్గర ఒక మైదానంలో కార్ల పోటీ ఉంది. కార్లన్నీ ఒకేసారి పరిగెత్తే పోటీ కాదది. ఎర్రటి ప్లాస్టిక్ కోన్లు వంకరటింకరగా పేర్చి, వాటి మధ్య నుంచి ఒక్కొక్క కారునే పంపుతారు. ఎవరికి తక్కువ టైము పడితే వాళ్ళది గెలుపు. ఎర్రమ్మ ఆ కోన్లని టోపీలు అంటుంది.

పోటీ కోసం రత్నం ముందూ వెనకా గట్టి స్ప్రింగులూ, షాక్ అబ్జార్బర్లూ వేయించింది. చక్రాలను పట్టుకుని ఉండే ఆర్ములకు కొత్త బుష్‌లు కూడా వేయించింది. తల్లికి మాత్రం, పెట్టెల బరువుకి బండి కుంగకుండా ఉంటుందని చెప్పింది. అదీ అబద్ధం కాదు.

“స్ప్రింగులు మార్చిన కాడ్నుంచీ బండి తిన్నగా ఎల్లట్లేదు బాబాయ్,” అంది రత్నం. “సాయంత్రం ప్రాక్టీసుకి ఎల్తే స్పీడు మీద అటూ ఇటూ ఎతుక్కుంటాది. మలుపులో మొదట తిరగనట్టే ఉంటాది, మళ్ళీ ఒక్కసారే తిరిగీసినట్టు ఉంటాది. రెండు షాపుల్లో అలైన్‌మెంట్ సేయించాను. రెండు సోట్లా అన్నీ పచ్చగానే వచ్చినాయి.”

“బండికేటీ రోగం లేదు బాబూ,” అంది ఎర్రమ్మ. “రోజూ నాను పక్కన కూకుంటన్నాను కదా. తాడు కట్టినట్టు ఎల్తాది. దీనికే భయం పట్టుకున్నాది.”

“నాకు భయమేటి?”

“మరేటి? నాను కూకుంటే తిన్నగా ఎల్తాది. నువ్వొక్కర్తివే ఎల్తే వంకరగా ఎల్తాది. తప్పు బండిదేటి, నీదేటి?”

బావకి ఈ తగువు నచ్చింది. టీ గ్లాసు పట్టుకుని దగ్గరకొచ్చాడు. “అంత స్పీడు ఎక్కడ నేర్సుకున్నావమ్మా?”

“మాయమ్మే నేర్పినాది. ‘రైలొచ్చీసినాది తొక్కవే, తొక్కవే’ అని.”

“రైలుకి తొక్కమన్నాను గానీ టోపీలకి తొక్కమన్నానేటి?” అంది ఎర్రమ్మ. “పనికి తొక్కడం ఏరు, ఆటకి తొక్కడం ఏరు.”

ఎర్రమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు రత్నం అసలు సంగతి చెప్పింది. పోయిన ఏడాది ఇదే పోటీకి పేరు ఇచ్చి, తల్లి వద్దంటే వెనక్కి తీసుకుంది. ఈసారి తల్లి ఒక షరతు మీద ఒప్పుకుంది. శనివారం సాయంత్రానికి బండి మీద ఇద్దరికీ అనుమానం ఉండకూడదు. ఉంటే పోటీ లేదు. గట్టి స్ప్రింగులు ఊడదీసి పాతవి వేయించెయ్యాలి.

“రెండోసారి కూడా పేరు ఎనక్కి తీసుకుంటే మరింక ఇవ్వను బాబాయ్,” అంది. “స్కూల్లో పిల్లలకి పరిగెత్తండి, పడిపోతే లేవండి అని రోజూ సెప్తాను. నాను మాత్రం గీత కాడే నిలబడిపోతన్నాను.”

బావ కిందకి దూరాడు

సస్పెన్షన్ పని జరిగిన బండి వస్తే అలైన్‌మెంట్ రెండో పని. మొదటిది, ఆ సస్పెన్షన్ పని ఎలా చేశారో చూడటం. చాలామంది ఇది చూడరు, తమ పని కాదంటారు. నా షాపులో బావ ఉన్నాడు కనక ఆ మాట అనే వీలు నాకు లేకపోయింది.

బుష్ అంటే ఇనప గొట్టంలో బిగించిన రబ్బరు. బండిని పైకెత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా దాని బోల్టు బిగించేస్తే, బండి కిందకి దిగాక ఆ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. బండిని కొంచెం పైకి తోస్తూ ఉంటుంది. నడవగా నడవగా సర్దుకుని కిందకి దిగుతుంది. ఎత్తు మారితే కొలతలు మారతాయి. అందుకని ఆ బోల్టులు బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి.

“గాల్లోనే బిగించీసినారురా,” అన్నాడు బావ కింద నుంచి. “రబ్బరు సూడు, తడిగుడ్డ పిండినట్టున్నాది.”

బోల్టులు వదులు చేశాడు. కారుని చక్రాల మీదకు దించాం. అది తన ఎత్తుకి తాను రావాలని బానెట్ మీద చేతులు వేసి కిందకీ పైకీ ఊపాను.

“గట్టిగా ఊపరా. పెళ్ళికూతురి పల్లకీ మోస్తన్నావేటి?” అని అరిచాడు.

అలా చక్రాల మీద ఉండగానే మళ్ళీ బిగించాడు. ఆ తరవాత కారుని కెమెరాల ముందు పెట్టాం. అన్నీ పచ్చగా వచ్చాయి, ఎడమకీ కుడికీ పెద్ద తేడా కూడా లేదు. బుష్‌ల వల్ల కొంత మారుతుంది గానీ, రత్నం చెప్పినంత వంకరకి అది చాలదు. సరిచెయ్యడానికి తెర మీద ఏమీ మిగల్లేదు.

“సూసినావా?” అంది ఎర్రమ్మ కూతురితో. “మూడో షాపోళ్ళు కూడా అదే సెప్తన్నారు.”

రత్నం తెర వైపు చూస్తూ నిలబడింది.

ఇలాంటప్పుడు యంత్రాన్ని వదిలేసి మనుషుల వైపు తిరగాలి. ఆ రోజు ముందుగా తిరిగింది బావ.

“సెల్లెమ్మా,” అన్నాడు, “నువ్వు కూకుంటే బండి బాగుంటాది అన్నావు. నువ్వు కూకున్నప్పుడు బండిలో ఇంకేటి ఉంటాది?”

“ఇంకేటుంటాది? పెట్టెలు.”

ఐసు పెట్టెలు

డిక్కీ తెరిచాం. రెండు పెద్ద ఐసు పెట్టెలు, మూతల దాకా. చేపలు రైలెక్కిపోయినా కరిగిన నీళ్ళూ మిగిలిన ఐసూ వాటిలోనే ఉన్నాయి. తిరుగు దారిలో ఎక్కడైనా చెరువు చేపలు దొరికితే కావాలని ఎర్రమ్మ ఇంటికి చేరేదాకా ఆ ఐసు పారబొయ్యదు. బావా నేనూ కలిసి ఒక పెట్టెని అంగుళం జరపడానికే ఆయాసపడ్డాం.

“ఆ రెండు షాపుల్లో కూడా ఇవి ఇలాగే ఉన్నాయా?” అని అడిగాను.

“ఉన్నాయి. దించుతామన్నారు. నానే ఒప్పుకోలేదు,” అంది ఎర్రమ్మ.

“ఎందుకని?”

“దించితే మా తోటికోడలు పట్టుకుపోతాది.”

బావ రోడ్డు మీదకు అటూ ఇటూ చూశాడు. “ఇక్కడెక్కడున్నాదమ్మా మీ తోటికోడలు?”

“ఎక్కడైనా ఉంటాది బాబూ, నీకు తెల్దు. స్టేషన్ కాడ పెట్టె దించి టీ తాగొచ్చేసరికి తీసుకుపోనాది. అడిగితే ‘నాదే’ అంటాది. ఇప్పుడు దాని మీద కూకుని రొయ్యలు ఒలుస్తాది. ఆ రోజు కాడ్నుంచి మా గుమ్మంలో తప్ప పెట్టె దించను.”

“మరి సాయంత్రం ప్రాక్టీసుకి ఎల్లేటప్పుడు?” అని బావ రత్నాన్ని అడిగాడు.

“ఇంటికాడ దించీసే ఎల్తాను,” అంది రత్నం. అంటూనే ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. తల్లి పెట్టెల వైపు చూసింది.

వెనక అంత బరువు ఉంటే కారు తోక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. ముక్కు లేచి ఉండగా ముందు చక్రాలు సరిచేశారు. పెట్టెలు దించగానే ముక్కు కిందకి వస్తుంది, చక్రాలు ఎడమొహం పెడమొహం అవుతాయి, కారు రోడ్డుని వెతుక్కుంటుంది. ఉదయం ఎర్రమ్మ కూర్చునే కారు ఒకటి, సాయంత్రం రత్నం నడిపే కారు ఇంకొకటి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇన్నాళ్ళూ తల్లి కూతుర్ని పిరికిదనుకుంది, కూతురు తల్లి కావాలనే అడ్డు చెబుతోందనుకుంది.

ఆ రెండు షాపులవాళ్ళకూ బరువు దించాలని తెలుసు. వద్దంటే సరేనన్నారు. కస్టమర్ వద్దన్నాడని వదిలేయడం మర్యాద అనుకుంటాం. అది బద్ధకం. ఎందుకు వద్దంటున్నారో అడగడానికి ఒక నిమిషం చాలు.

జోరుగా నడిపేవాళ్ళకి

పెట్టెలు దించడానికి ఎర్రమ్మ చివరికి ఒప్పుకుంది, ఒక పెట్టె మీద తాను కూర్చుని, రెండోదాని మీద కాళ్ళు పెట్టుకునే షరతు మీద. షాపు ముందు నీడలో అలాగే కూర్చుంది. రత్నాన్ని డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాం, ఆమె బరువు కూడా లెక్కలోకి రావాలని. ఈ ఎత్తుకి బావ బుష్ బోల్టులు మరోసారి వదిలి బిగించాక మళ్ళీ కొలిచాం. తెర మీద ముందు టో ఎర్రగా వచ్చింది.

“పచ్చగా ఉన్నదాన్ని ఎర్రగా సేసీసినారేటి బాబూ!” అంది ఎర్రమ్మ పెట్టె మీద నుంచి. రత్నం మాత్రం ఆ ఎరుపుని చూసి నవ్వింది. అందాకా ఆమె నవ్వడం నేను చూడలేదు.

కంపెనీ హద్దులు అందరి కోసం రాసినవి. టైరు ఎక్కువకాలం రావాలి, నిద్రమత్తులో నడిపేవాడికి కూడా బండి తిన్నగా పోవాలి. మలుపులు జోరుగా తిప్పేవాళ్ళకి కావాల్సింది కొంచెం వేరు. మలుపులో కారు ఒరిగితే బయటి చక్రం కూడా ఒరిగి టైరు అంచు మీద నిలబడుతుంది. ముందే చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాల్చి పెడితే, మలుపులో టైరు నిండుగా నేలని పట్టుకుంటుంది. ఈ కారులో షాక్ అబ్జార్బర్‌ని చక్రానికి బిగించే బోల్టుల దగ్గర కొంచెం జాగా ఉంటుంది. అంతవరకూ వాల్చాం. టో దాదాపు సున్నాకి తెచ్చాం, స్టీరింగు తిప్పగానే కారు వినాలని. అన్నిటికంటే ముఖ్యం ఎడమా కుడీ ఒక్కలాగ ఉండటం. వెనక చక్రాలు ఇలాంటి చిన్నకార్లలో ఒకే దూలానికి ఉంటాయి. వాటిలో మార్చేదేమీ ఉండదు, దూలం వంగలేదని చూసుకోవాలి.

దీనికి నష్టం కూడా ఉంది. టైర్ల లోపలి అంచులు త్వరగా అరుగుతాయి. హైవే మీద స్టీరింగుని తేలిగ్గా పట్టుకోకూడదు. ఇది ముందే చెప్పాలి. చక్రాలు బాగా వాలి ఉంటే చూడ్డానికి బాగుంటుందని అడిగేవాళ్ళు వస్తారు. వాళ్ళని ఇంటికి పంపించండి.

నేను రత్నానికి ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ఎర్రమ్మకి వినపడేలాగే చెప్పాను. “ఇది నువ్వొక్కర్తివే కూర్చుంటే సరిపోయే కొలత. సోమవారం పెట్టెలు ఎక్కితే మళ్ళీ తేడా వస్తాది. అపాయమేమీ లేదు గానీ, ముందున్నంత నిబ్బరంగా ఉండదు. రెండిటికీ సరిగ్గా కుదరదు.”

“అయితే సోమవారం నా గతేటి?” అంది ఎర్రమ్మ.

రత్నం స్టీరింగు మీద చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. “పెట్టెలకే పెట్టీయండి బాబాయ్,” అంది. “రోజూ ఎల్లేది పనికే కదా.”

బావ ముందుకొచ్చాడు.

“ముందు నడిపి సూద్దాం. సెల్లెమ్మా, ఎక్కు.”

“పెట్టెలు?”

“మా సత్యం కూకుంటాడు.”

శ్రీకూర్మం రోడ్డు

సత్యం నేనే. ఎర్రమ్మ నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి, “లేవకు బాబూ. ఎవరైనా వచ్చి మాదంటే ఇవ్వకు” అని చెప్పి కారెక్కింది. వెనక సీట్లో బావ. శ్రీకూర్మం వెళ్ళే రోడ్డు మధ్యాహ్నం ఎండకి ఖాళీగా ఉంటుంది. దాని మలుపులన్నీ బావకి తెలుసు.

నేను కూర్చున్నాను. దారిన పోయే ఆయన స్కూటర్ ఆపి, “ఏం చేపలున్నాయి?” అని అడిగాడు. చేపలు లేవు, అలైన్‌మెంట్ ఉందన్నాను. నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఎర్రమ్మ తోటికోడలు ఎలా ఉంటుందో నాకు తెలియదు గనక, అటువైపు వచ్చిన ప్రతి ఆడమనిషినీ అనుమానంగా చూశాను.

కారు తిరిగొచ్చింది. ముందుగా ఎర్రమ్మ దిగింది. నేరుగా నా దగ్గరకొచ్చి, నన్ను లేపి, రెండు పెట్టెల మూతలూ తెరిచి చూసి మూసింది.

“ఎలాగున్నాది?” అని అడిగాను.

“మలుపు కాడ తలుపు పట్టుకుందామనుకున్నాను,” అంది. “అవసరం రాలేదు.”

తరవాత ఒక పెట్టెకి ఒక పక్క చెయ్యి వేసి, రెండో పక్క పట్టుకోమని నాకు సైగ చేసింది. డిక్కీ దాకా మోశాక, కూతురి వైపు చూడకుండానే గట్టిగా అంది. “సోమవారం కాడ్నుంచి ఐసు తగ్గించి ఏస్తాన్లే. రెండు విడతల ఎల్దుము.”

చేపల వ్యాపారంలో ఐసు తగ్గిస్తాననడం చిన్న మాట కాదు. రెండు విడతలంటే ఇంకా పొద్దున్నే లేవాలి.

రత్నం కారు దిగలేదు. స్టీరింగు మీద తల ఆనించుకుని కాసేపు ఉంది. బావ అటు చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు. “ఒరే, ఆ టీ సల్లారిపోనాది. ఇంకోటి సెప్పు. నలుగురికీ సెప్పు,” అన్నాడు.

సోమవారం ఉదయం స్టేషన్ నుంచి వెళుతూ ఇద్దరూ ఆగారు. రత్నం గెలవలేదు. మధ్యలో ఎక్కడో నిలిచింది.

“మజ్జిలో ఏటి?” అంది ఎర్రమ్మ. “ఎంతమంది మగోళ్ళు దీని ఎనకాతల ఉన్నారో సెప్పవే! ఒక టోపీ తోసీసినాది గానీ, లేకపోతేనా!” పోటీ జరిగినంతసేపూ ఎర్రమ్మ మైదానం చుట్టూ కట్టిన తాడు పట్టుకుని నిలబడి “తొక్కవే, తొక్కవే” అని అరిచిందని తరవాత రత్నం చెప్పింది. ఆ మరుసటి ఏడాది కూడా రత్నం పేరు ఇచ్చింది. వెనక్కి తీసుకోలేదు.

అటు తరవాత

అలైన్‌మెంట్ చేసేది ఒక బరువుకి, ఒక మనిషికి, ఒక పనికి. ఎర్రమ్మ కారు వచ్చి వెళ్ళాక మేం ప్రతి బండికీ ముందు అదే అడిగేవాళ్ళం. నడిపేదెవరు, దేనికి, లోపల ఏం ఉంటుంది. కోటబొమ్మాళి నుంచి ఒక ధాన్యం వ్యాపారి వచ్చేవాడు. ఆయన వెనక సీట్లో ఎప్పుడూ నమూనా బస్తాలు ఉండేవి, వాటిని దించే రోజంటూ ఉండేది కాదు. ఆయనకి బస్తాలతోనే చేశాం. పుస్తకం ప్రకారం అది తప్పు. ఆయన టైర్లు మాత్రం సమంగా అరిగాయి.

నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి కొలవడం కూడా అప్పటి నుంచే. సీట్లో కూర్చున్నవాళ్ళు ఊరుకోరు, మాట్లాడతారు. ఏ మలుపులో భయం వేసిందో, ఎవరు పక్కనుంటే నెమ్మదిగా నడుపుతారో, బండి ఎవరికి ఇవ్వరో. బావ కారు కింద నుంచే జవాబులు చెప్పేవాడు. మొహం కనపడని మనిషితో జనం చాలా సంగతులు చెప్పుకుంటారు. మా పనిలో సగం సమాచారం అలా వచ్చిందే.

బావ పోయినప్పుడు ఎర్రమ్మా రత్నమూ వచ్చారు. ఎర్రమ్మ మా అప్ప పక్కన చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు, “నా మాటా, నా కూతురి మాటా రెండూ విన్నాడు” అంది.

తరవాత నాకు షాపు మీద మనసు నిలవలేదు. వేరేవాళ్ళకి ఇచ్చేశాను. మంచి పనివాళ్ళు. యంత్రం నా దానికంటే మేలైనది, నేల శుభ్రంగా ఉంటుంది. బరువులు దించమని బోర్డు కూడా పెట్టారు. బండి తెచ్చినవాళ్ళు అద్దాల గదిలో ఫ్యాను కింద కూర్చుంటారు, పని అయ్యాక కాగితం తీసుకుని వెళతారు. కొలత తీసేటప్పుడు సీట్లో ఎవరినీ కూర్చోబెట్టడం లేదు.